పగడపు ముక్కల పెంపకం: తొట్టిలో నీళ్లు నింపిన రోజు నుంచి దిబ్బ మీద అతికించేదాకా నా అనుభవం

పగడం కొమ్మను కట్టర్‌తో తుంచడానికి అర నిమిషం చాలు. దానికి ముందు నాలుగైదు నెలలు నీళ్లను కుదురుకోనివ్వడానికే సరిపోతాయి. తర్వాత ఏడాదంతా ఆ కుదురు చెడకుండా కాచుకోవాలి. పనిలోకి దిగేదాకా ఈ సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు. మా గదిలో రెండు వరుసల తొట్లున్నాయి. మొదటి వరుసలో పెరిగే ముక్కలు ఇళ్లలో అక్వేరియం పెట్టుకునేవాళ్లకు వెళ్తాయి. రెండో వరుసలోవి సముద్రంలో దెబ్బతిన్న పగడపు దిబ్బల మీదికి. కోత ఒకటే, జిగురు ఒకటే, నీటి లెక్కలూ ఒకటే. అయినా ఈ వరుసలోని నీటి చుక్క ఆ వరుసలో పడకూడదు. జనవరిలో నీళ్లు నింపిన దగ్గర్నుంచి ఏది ఎప్పుడు జరిగిందో, ఎంత సమయం పట్టిందో వరసగా రాస్తున్నాను.

కుళాయి నీళ్లు నేరుగా పనికిరావు. ఆర్‌ఓ దాటాక మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుండా కూడా పోయి, నీళ్లలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటర్ మీద సున్నా చూపించాలి. ఒకటో రెండో చూపిస్తే పర్వాలేదు అనుకోవద్దు. రెజిన్ అయిపోవచ్చినప్పుడు ముందుగా జారి వచ్చేది సిలికా. మీటర్ దాన్ని సరిగా పట్టుకోలేదు. ఆ తర్వాత తొట్టి గోడల మీద గోధుమరంగు పొర ఎందుకు పోవడం లేదో అర్థం కాక తల పట్టుకోవాలి.

ఉప్పు లీటరుకు సుమారు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది. నీళ్లలోనే ఉప్పు పోయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. అలా పోస్తే మొదట ఏర్పడే చిక్కటి ద్రావణంలో కాల్షియం, కార్బొనేట్ కలిసిపోయి తెల్లటి మడ్డిగా దిగుతాయి. ఆపైన ఎంత తిప్పినా అవి కరగవు. రాత్రంతా పంపు పెట్టి తిప్పాం. మాకు కావలసింది 35 పీపీటీ (వెయ్యిలో 35 భాగాల) లవణీయత, అంటే సాపేక్ష సాంద్రత 1.026 దగ్గర, 25 నుంచి 26 డిగ్రీల వేడి. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీళ్లతో సున్నాకు తెచ్చి వదిలేయకుండా 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోవాలి. లేకపోతే సున్నా దగ్గర ఒప్పు చూపించే పరికరమే 35 దగ్గర తప్పు చూపిస్తుంది.

తొట్లు 30 సెంటీమీటర్ల లోతువి చాలు. లోతు తక్కువైతే వెలుతురు సమానంగా పరుచుకుంటుంది, చెయ్యి మోచేతి దాకా ముంచకుండానే ముక్క అందుతుంది. అడుగున ఇసుక వేయలేదు. రోజూ రాలే చెత్తను సైఫన్‌తో లాగేయడానికి ఉత్త అడుగే మేలు. హీటర్ ఒకటి పెద్దది పెట్టే బదులు చిన్నవి రెండు పెట్టి, వాటిపైన విడిగా ఒక కంట్రోలర్ పెట్టాం. హీటర్లు పాడైతే చాలాసార్లు ఆగిపోవు, ఆన్‌లోనే ఇరుక్కుంటాయి. పెద్దది అలా ఇరుక్కుంటే తెల్లారేసరికి తొట్టిలో ఏమీ మిగలదు.

తర్వాతది నైట్రోజన్ చక్రం. పింగాణీ దిమ్మెలు, రాళ్లు వేసి, అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎం (పది లక్షల్లో రెండు భాగాలు) వరకు తెచ్చి, సూక్ష్మజీవులు పట్టుకునేదాకా ఆగాం. అమ్మోనియా నైట్రైట్‌గా, నైట్రైట్ నైట్రేట్‌గా మారాలి. వేసిన మోతాదు 24 గంటల్లో మాయమైతే చక్రం కుదిరినట్టు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చేసే పనేమీ ఉండదు. ఖాళీ నీళ్లకు కరెంటు ఖర్చు పెడుతూ, రోజూ పరీక్ష గొట్టంలో రంగు చూసి రాసుకోవడమే. ఆ తర్వాత కూడా డయాటమ్‌లనే గోధుమరంగు సూక్ష్మ శైవలాలు, వాటి వెనకే పచ్చటి వెంట్రుకల నాచు వస్తాయి. నాచు తినే ట్రోకస్ నత్తలను తొట్టిలో వేయండి. పెద్ద టర్బో నత్తలను, ఒళ్లంతా ముళ్లుండే సముద్రజీవులైన అర్చిన్‌లను మాత్రం ముక్కల తొట్టిలో పెట్టకండి. టర్బోలు ముక్కలను పడదోస్తాయి. టక్సీడో అర్చిన్ అయితే ముక్కను వీపుకెత్తుకుని తొట్టి అవతలి మూలకు మోసుకుపోతుంది.

ఈలోగా రెండో వరుసకు కావలసిన అనుమతి కోసం ఎదురుచూపు. గట్టి పగడాలన్నీ, అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. దేశం సరిహద్దు దాటాలంటే పత్రం తప్పనిసరి. చాలా దేశాల్లో సముద్రంలోంచి తీయడానికీ, దగ్గర ఉంచుకోవడానికీ వేరే చట్టాలున్నాయి. తొట్టి కొనకముందే మీ దగ్గర ఏది చెల్లుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. దిబ్బ పునరుద్ధరణ కోసం తల్లి పగడం (ముక్కలు తీసే పెద్ద పగడం) నుంచి ముక్క తీయాలంటే ఎక్కడినుంచి, ఏ జాతి, ఎంత, ఎక్కడ తిరిగి నాటుతారు అన్నీ దరఖాస్తులోనే ఉండాలి. ఒక తల్లి నుంచి పదో వంతుకు మించి తీయకూడదన్నది ఈ పనిలో అందరూ పాటించే హద్దు. తొట్లు సిద్ధమయ్యాక కూడా కాగితం చేతికి రావడానికి నెలలు పడుతుంది. దరఖాస్తు ముందు, నీళ్లు తర్వాత అన్న క్రమంలో వెళ్తే ఆ ఎదురుచూపు కలిసొస్తుంది.

ఏప్రిల్‌లో మొదటి వరుసకు తల్లి పగడాలు వచ్చాయి. సంచి విప్పగానే ఆనందం ఆగదు. కానీ వాటిని నేరుగా తొట్టిలో పెట్టేయకూడదు. పాత ప్లగ్గును (ముక్కను అతికించే చిన్న దిమ్మెను), పాత జిగురును విరగ్గొట్టి పారేశాం. పురుగుల గుడ్లు ఉండేది అక్కడే. అయోడిన్ ద్రావణంలో కొద్ది నిమిషాలు ముంచి, పిప్పెట్‌తో గట్టిగా నీళ్లు చిమ్మి, గిన్నె అడుగున ఏం రాలిందో భూతద్దంతో చూశాం. అక్రోపొరా అనే కొమ్మల పగడాన్ని తినే చదునుపురుగు పగడం రంగులోనే కలిసిపోతుంది. అది ఉందని చెప్పేవి కొమ్మ మీద లేత గుండ్రటి మచ్చలు, కొమ్మ మొదలు దగ్గర బంగారు గోధుమరంగు గుడ్ల గుంపులు. పలకలా పెరిగే మాంటిపొరా అయితే పలక కింది అంచులు చూడాలి, న్యూడిబ్రాంక్‌లనే గుల్లలేని తెల్లటి చిన్న నత్తలు అక్కడ దాక్కుంటాయి. ముంచే మందు పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు. అందుకే వారానికోసారి మళ్లీ ముంచుతూ, ఆరు నుంచి ఎనిమిది వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. ఈ ఎనిమిది వారాలు ఎవరికైనా దండగ అనిపిస్తాయి. ఒక్క పురుగు జంట పెంపకం తొట్టిలోకి చేరితే ఎన్ని నెలల పని పోతుందో తెలిసినవాళ్లకు అలా అనిపించదు.

లైట్లు సగం శక్తితో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పెంచాం. మెత్తటి పగడాలకు, వాటి చుట్టాలైన జూయాంథిడ్‌లకు 50 నుంచి 150 పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుతురు కొలత) చాలు. కొమ్మల పగడాలకు 200 నుంచి 350 కావాలి. కంటితో అంచనా కట్టొద్దు, పార్ మీటర్ అద్దెకైనా తెచ్చుకోండి. నీలి లైటు కంటికి మసకగా కనిపిస్తూనే పగడాన్ని కాల్చేయగలదు.

మొదటి కోత జూన్‌లో. పొద్దున్నే లైట్లు వెలగకముందే, పాలిప్‌లు, అంటే పగడంలోని చిన్న చిన్న జీవులు, ముడుచుకుని ఉన్నప్పుడు మొదలుపెట్టాం. ఆ తొట్టి నీళ్లే రెండు గిన్నెల్లో తీసుకోవాలి. ఒకటి కోసిన ముక్కలను కడగడానికి, రెండోది అయోడిన్ కలిపి ముంచడానికి. పక్కన కాగితపు తువ్వాళ్లు, జెల్ రకం సూపర్ గ్లూ, పింగాణీ ప్లగ్గులు, ప్రతి ప్లగ్గుకూ ముందే రాసిపెట్టిన గుర్తు. కొమ్మల అక్రోపొరాకు బోన్ కట్టర్ చాలు. రెండు మూడు సెంటీమీటర్ల కొమ్మ, ఒక్క నొక్కుతో తుంచాలి. మెల్లగా నొక్కితే కొమ్మ నలిగి చర్మం చీలుతుంది. టార్చ్, కొమ్మల హ్యామర్ లాంటి యూఫీలియా జాతి పగడాలను కండ కింద రెండు మూడు సెంటీమీటర్ల దిగువన, ఉత్త సున్నపు కాడ దగ్గర కోయాలి. గోడలాగా పెరిగే హ్యామర్‌ను కోయాలంటే కండలోంచే రంపం వెళ్లాలి, అవి బతికే అవకాశం తక్కువ. నేనైతే వాటిని ముట్టుకోను. ఫేవియా, చాలిస్, అకాన్ రకాలకు వజ్రపు పూత ఉన్న బ్యాండ్ సా కావాలి. బ్లేడును ఉప్పునీళ్లతోనే తడుపుతూ, ప్రతి ముక్కకూ కనీసం ఒక నోరు మిగిలేలా గీత చూసుకోవాలి.

డిస్కోసోమా లాంటి పుట్టగొడుగు పగడాలు మరో లోకం. వాటిని నోటి మధ్యగా నాలుగు ముక్కలు చేసినా నాలుగూ బతుకుతాయి. కానీ జిగురు అంటదు. చిన్న రాళ్లున్న గిన్నెలో వేసి, పైన వల కట్టి, ప్రవాహం తక్కువున్న చోట ఉంచితే ఒకటి రెండు వారాల్లో అవే రాయిని పట్టుకుంటాయి. తోలు పగడాలదీ ఇదే ఇబ్బంది, జిగట వల్ల జిగురు ఊడిపోతుంది. రబ్బరు బ్యాండుతోనో, కుట్టుతోనో నిలపాలి. కోసినప్పుడు అవి విడిచే రసాయనాలు పక్కనున్న కొమ్మల పగడాలను బాధిస్తాయి కాబట్టి ఆ రోజంతా యాక్టివేటెడ్ కార్బన్ నడపాలి.

జూయాంథిడ్‌లు, పాలిథోవాల దగ్గర మాత్రం ఆగండి. వీటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతికి గ్లవ్స్, కంటికి పూర్తిగా మూసే కళ్లద్దాలు లేకుండా బ్లేడు పట్టవద్దు. కోసేటప్పుడు చిమ్మే రసం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వీటిని పెంచిన రాళ్లను వేడినీళ్లతో కడగడం, ఉడకబెట్టడం ఎప్పుడూ చేయకండి. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. పిల్లలున్న గదిలో ఈ పని వద్దే వద్దు.

జిగురు దగ్గర చిన్న కిటుకు ఉంది. ముక్క అడుగును కాగితంతో ఒత్తి తడి తీసి, ప్లగ్గు మీద చిక్కుడు గింజంత జెల్ పెట్టి, ముక్కను కొద్దిగా తిప్పుతూ నొక్కాలి. వెంటనే నీళ్లలో ముంచితే పైపొర గట్టిపడుతుంది. కోసిన ముక్క బంక విడుస్తూనే ఉంటుంది. ఆ బంక కడగకుండా అతికిస్తే మర్నాటికి సగం ముక్కలు అడుగున పడి ఉంటాయి. ఆ రోజు నురగతో మురికిని లాగే ప్రోటీన్ స్కిమ్మర్ కూడా గాడి తప్పి పొంగవచ్చు, నురగ చేరే కప్పును ఓ కంట కనిపెట్టాలి.

రెండు మూడు రోజుల్లో పాలిప్‌లు మళ్లీ బయటికి వస్తాయి. అవి తెరుచుకున్న పొద్దున గదిలో అందరం తొట్ల చుట్టూ చేరతాం, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. రెండు నుంచి నాలుగు వారాల్లో కండ జిగురు మీదికి పాకి, ప్లగ్గును కప్పడం మొదలుపెడుతుంది. అమ్మదగిన ముక్క అంటే ఆ పాకుడు కనిపించేదే. నిన్న కోసి ఇవాళ అమ్మేది ముక్క కాదు, గాయం. కొనేవాళ్లు ప్లగ్గు అంచు చూపించమని అడగాలి.

ఇక అసలు పని అల్కలినిటీ, అంటే నీళ్లలో ఉన్న కార్బొనేట్ల నిల్వ. దాన్ని డీకేహెచ్‌లలో కొలుస్తాం. పగడం సున్నం కట్టుకోవడానికి నీళ్లలోంచి కాల్షియం, కార్బొనేట్ లాగుతుంది. 1 డీకేహెచ్ అల్కలినిటీ తగ్గితే కాల్షియం సుమారు 7 పీపీఎం తగ్గుతుంది. కాల్షియం 420 పీపీఎంకు పైన ఉన్న నీళ్లలో ఆ 7 తేడా తెలియదు. అల్కలినిటీ ఉండేదే 8 కాబట్టి 1 తగ్గితే పెద్ద దెబ్బ. అందుకే రోజూ పరీక్షించాల్సింది దీన్ని, అదీ రోజూ ఒకే గంటకు. మేం 8 నుంచి 8.5 మధ్య ఉంచుతాం, మెగ్నీషియం 1300 నుంచి 1400 పీపీఎం. ఎనిమిదా తొమ్మిదా అన్నదానికన్నా రోజుల తరబడి అదే అంకె ఉండటం ముఖ్యం. ముక్కలు చిన్నగా ఉన్నప్పుడు రోజుకు 0.3 తగ్గేది, అవి ప్లగ్గులు కప్పేసరికి 1 దాటుతుంది. తగ్గినదాన్ని కొద్దికొద్దిగా తిరిగి పోసే డోసింగ్ పంపును ఒకసారి సరిచేసి వదిలేస్తే సరిగ్గా పగడం ఊపందుకున్న నెలలోనే అల్కలినిటీ పడిపోతుంది. కాల్షియం గొట్టం, అల్కలినిటీ గొట్టం ఒకే చోట పడకూడదు, ఒకే సమయంలో పోయకూడదు. నీళ్లలో కలిసేలోపే తెల్లటి మంచులా రాలిపోతాయి.

పోషకాల విషయంలో కొత్తవాళ్లు సున్నాను గొప్పగా చెప్పుకుంటారు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా అయితే పగడం పాలిపోతుంది, డైనోఫ్లాజెల్లేట్‌లనే సూక్ష్మజీవులు బుడగలతో కూడిన గోధుమరంగు తీగల్లా పరుచుకుంటాయి. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం ఉండనివ్వండి. పోషకాలు తక్కువగా ఉండి అల్కలినిటీ ఎక్కువైతే కొమ్మల కొసలు తెల్లగా కాలిపోతాయి.

నష్టాలు తప్పవు. కొమ్మ మొదట్లోంచి కండ మెల్లగా ఊడుతూ పైకి వస్తే వారాలు పడుతుంది. కొన్నిసార్లు గంటల్లోనే కొమ్మ మొత్తం తెల్ల ఎముక అవుతుంది. రెండోది చూసిన రాత్రి నిద్ర పట్టదు. చేయగలిగింది ఒక్కటే: ఊడుతున్న గీతకు బాగా పైన, ఆరోగ్యంగా ఉన్న చోట తుంచి, కొత్త ప్లగ్గు మీద వేరే తొట్టిలో పెట్టడం. యూఫీలియా మీద గోధుమరంగు జిగట కనిపిస్తే ముందు పంపు ఆపి, ఆ జిగటను సైఫన్‌తో లాగి బయట పారేసి, తర్వాతే తల తుంచాలి. పంపు నడుస్తుండగా కదిలిస్తే ఆ జిగట పక్క తలల మీద పడుతుంది.

ఖర్చు ఎక్కడ పోతుందని అందరూ అడుగుతారు. తొట్టి, పంపులు ఒక్కసారి ఖర్చు, అవి కళ్లకు కనిపిస్తాయి. కనిపించకుండా తినేవి లైట్ల కరెంటు, గది చల్లబరిచే కరెంటు, వారం వారం మార్చే ఉప్పునీళ్లు, పరీక్ష రసాయనాలు. వాటికన్నా పెద్దది స్థలం. అమ్మకుండా కోయకుండా దాచుకోవాల్సిన తల్లి పగడాలు వెలుతురు బాగా పడే చోటంతా ఆక్రమిస్తాయి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద ముందు నడవాల్సింది లైటు కాదు, హీటరూ కాదు, నీళ్లు కదిపే పంపు. మొదట అయిపోయేది ఆక్సిజన్.

దూరం పంపేటప్పుడు ప్లగ్గును చిన్న థర్మాకోల్ పలకకు గుచ్చి, తలకిందులుగా తేలేలా సంచిలో వేస్తాం. కండ సంచికి రాసుకోదు. రెండు పొరల సంచి, దళసరి పెట్టె. అందుకున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే, సంచిని తేలేసి వేడి సరిచేసుకోండి, గంటల తరబడి చుక్క చుక్కగా నీళ్లు కలపకండి. ప్రయాణంలో సంచి నీళ్ల పీహెచ్ పడిపోయి అమ్మోనియా హాని తగ్గి ఉంటుంది. సంచి తెరిచి కొత్త నీళ్లు కలిపేకొద్దీ పీహెచ్ పెరిగి అదే అమ్మోనియా విషమవుతుంది.

రెండో వరుసలో లెక్క మారుతుంది. మొదటి వరుసలో రంగు బాగున్న ఒక్క పగడాన్నే వందలుగా పెంచవచ్చు. దిబ్బకు వెళ్లేవాటిలో అలా చేస్తే, ఒక రోగమో ఒక వేసవో అన్నింటినీ ఒకేసారి తీసుకుపోతుంది. అందుకే వేర్వేరు తల్లుల నుంచి తెచ్చి, ప్రతి ముక్కకూ తల్లి గుర్తు వేసి, పెరుగుదల నెమ్మదిగా ఉన్నవాటిని కూడా వదలకుండా పెంచుతాం. అక్వేరియం పగడాలు వేర్వేరు సముద్రాలవి. వాటితోపాటు అక్కడి పురుగులు, రోగక్రిములు వస్తాయి. అక్వేరియంలో పెరిగిన పగడాన్ని, దాని నీళ్లను కూడా, ఎంత మంచి మనసుతోనైనా సముద్రంలో వదలకండి. రెండు వరుసలకూ వలలు, కట్టర్లు, బకెట్లు, తువ్వాళ్లు అన్నీ వేరు. పొద్దున రెండో వరుస పని ముగించాకే మొదటి వరుసకు వెళ్తాం, వెనక్కి రాం.

బండలా పెరిగే పగడాలు ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి. వాటిని నాటి ప్రయోజనం లేదని చాలాకాలం వదిలేశారు. ఫ్లోరిడాలోని మోట్ మెరైన్ లాబొరేటరీలో డేవిడ్ వాన్ విరిగిన ఒక ముక్క అడుగున మిగిలిపోయిన కొద్ది పాలిప్‌లు ఊహించనంత వేగంగా పెరగడం గమనించారు. అక్కడినుంచి పుట్టిందే సూక్ష్మ ముక్కల పద్ధతి. బ్యాండ్ సాతో చదరపు సెంటీమీటరు ముక్కలు కోసి ప్లగ్గు మీద పెడితే, అంచుల గాయం మానడానికి కండ అన్ని వైపులా పరుగెడుతుంది. ఒకే తల్లి ముక్కలను చనిపోయిన బండ మీద కొద్ది సెంటీమీటర్ల దూరంలో నాటితే, అవి ఎదురుపడ్డాక ఒకదాన్నొకటి గుర్తుపట్టి కలిసిపోతాయి. వేరే తల్లి ముక్క పక్కన పడితే కలవవు, సరిహద్దు దగ్గర పోట్లాడుకుంటాయి. గుర్తులు తారుమారైతే ఈ పని మొత్తం చెడుతుంది కాబట్టి, గుర్తు చెరిగిన ముక్కను బండ మీదికి పంపం.

కొమ్మల రకాలకు సముద్రంలోనే నారుమడి మేలు. పీవీసీ గొట్టాలతో చెట్టులా కట్టి, కింద లంగరు, పైన తేలే బుడగ పెట్టి, కొమ్మలకు నైలాన్ దారంతో ముక్కలు వేలాడదీస్తారు. అలలతో పాటు అది ఊగుతుంది, పాకి వచ్చే నిప్పుపురుగులు, నత్తలు పైకి చేరలేవు. ఆరు నుంచి తొమ్మిది నెలల్లో ముక్క నాటే సైజుకు వస్తుంది. అందరూ నాటడం గురించే మాట్లాడతారు గానీ, ఆ నెలల్లో మునిగి చేసే పని దాదాపు అంతా తోమడమే. దారాల మీద నాచు, హైడ్రాయిడ్‌లనే చిన్న జీవులు, నిప్పుపగడం పెరిగి ముక్కను మింగేస్తాయి.

నాటేటప్పుడు మొదట రాతిని ఇనుప బ్రష్‌తో తెల్ల సున్నం కనిపించేదాకా గీకాలి. నాచు మీద పెట్టిన ఎపాక్సీ జిగురు నాచుతో పాటే ఊడివస్తుంది. ముక్క మూడు చోట్ల ఎపాక్సీని ఆని ఉండాలి, ఎక్కడా కదలకూడదు. రోజూ కొద్దిగా కదిలే ముక్క కండ రాయిని ఎప్పటికీ పట్టుకోదు. మొదటి వారంలో చిలుకచేపలు కొత్త ముక్కలను కొరికి చూస్తాయి. కొన్ని పోతాయి, కొరికిన గాట్లు మాత్రమే ఉన్నవి చాలావరకు మానుతాయి.

వేడి మీద మన చెయ్యి లేదు. ఆ ప్రాంతంలో అన్నిటికన్నా వేడిగా ఉండే నెల సగటు కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువగా నీళ్లు వారాల తరబడి ఉంటే, పగడం తనలోని శైవలాలను వదిలేసి తెల్లబడుతుంది. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా లెక్కలో ఆ వేడి భారం 4 డిగ్రీ వారాలు (ఎన్ని డిగ్రీలు ఎక్కువ, ఎన్ని వారాలు అన్న లెక్క) దాటితే తెల్లబారడం, 8 దాటితే చావులు మొదలవుతాయి. 2023 జులైలో ఫ్లోరిడా కీస్ దీవుల దగ్గర వేడి ఎంత పెరిగిందంటే, సముద్రపు నారుమళ్లలోని పగడాలను పడవల్లో ఒడ్డు మీది తొట్లకు తరలించారు. అప్పటి నుంచి ఈ పని చేసేవాళ్లు ప్రతి తల్లి నుంచి కనీసం ఒక ముక్కను నేల మీద ఉంచడం ఎంత అవసరమో గట్టిగా చెబుతున్నారు. మా రెండో వరుసలో సగం చోటు దానికే కేటాయించాం.

నాటిన నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి వెళ్లి ఒకే కోణంలో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. రాతికి కొట్టిన అంకె బిళ్ల నాచుతో కప్పుకుపోతుంది కాబట్టి ఫొటో తీసేముందు బిళ్లను తోమాలి. బతికినవాటి అంకె ఒక్కటే రాస్తే సరిపోదు. పోయినవి ఊడిపోయాయా, తెల్లబడ్డాయా, నత్త తిన్నదా, ఏ తల్లివి అన్నది రాయాలి. ఊడిపోతే జిగురు మార్చాలి, నత్తలైతే నాటే చోటు మార్చాలి, ఒకే తల్లివి పోతుంటే తర్వాతి కోతలో ఆ తల్లి వాటా తగ్గించి ఆ వేసవి తట్టుకున్నదాని నుంచి ఎక్కువ తీయాలి.